గుహ మున్సిపాలిటీ పరిధిలోనిదే

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఏమిటంటే, నా కూతురు లిఖిత నాలాగే భయపడుతూ పెరుగుతుందేమోనని.

నా భయాలు ఒకటీ రెండూ కావు. గ్యాస్ పొయ్యి అంటే భయం. ఇంజక్షనంటే భయం. ఫోను రెండుసార్లు మోగి ఆగిపోతే భయం. ఎవరైనా "నీతో ఒక మాటుంది" అంటే ఆ మాట చెప్పేలోగా నాకు కాళ్ళు చల్లబడతాయి. ఇవన్నీ నేను పిల్లకి నేర్పలేదు. కానీ నేను అగ్గిపుల్ల గీసి వెనక్కి గెంతడం దానికి ఏడేళ్ళుగా రోజుకి రెండుసార్లు కనబడుతోంది. ఇప్పుడు నేను అగ్గిపెట్టె తీయగానే అదే ముందు గెంతుతోంది.

నేను పెదకోరాడ మున్సిపల్ లైబ్రరీలో ఊడ్చి, పుస్తకాలు సర్దే పని చేసేదాన్ని. ఎవరో ఊరు మారిపోతూ ఒక అట్టపెట్టె లైబ్రరీకి ఇచ్చేసి వెళ్ళారు. అందులో బొమ్మలున్న ఇంగ్లీషు పుస్తకం ఒకటి, ఇరవై ముఖాలున్న పాచిక ఒకటి ఉన్నాయి. నేను తొమ్మిదో తరగతి సగం వరకే చదివాను. మా అమ్మ మంచం పట్టడంతో మిగతా సగం అలాగే ఉండిపోయింది. అందుకని ఆ పుస్తకాన్ని మా లైబ్రరీ గుమాస్తా గవరయ్య గారి చేత చదివించుకున్నాను. ఆయన డిక్షనరీ ముందేసుకుని మూడు రోజులు చదివి సారాంశం చెప్పారు.

"ఒకరు కథ నడుపుతారట పైడితల్లీ. మిగతావాళ్ళు కథలో మనుషులైపోతారు. దారిలో భూతాలూ, గుహలూ ఎదురవుతాయి. ఏటవుద్దో తెలీని చోట పాచిక ఎయ్యాలి. పది దాటితే గెలుపు, దాటకపోతే చిక్కు. అంతే."

అంతే చాలు. శనివారం మధ్యాహ్నాలు లైబ్రరీ మూల బల్ల దగ్గర ఆట మొదలుపెట్టాను. ఆడేవాళ్ళు ముగ్గురు. తొమ్మిదేళ్ళ షబానాది కత్తి. పేపరు చదవడానికి వచ్చే సూరిబాబు తాత ముప్ఫై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన మాంత్రికుడు. ఆయన మంత్రమల్లా ఈల. ఒక్క ఈల వేస్తే ఎదురుగా ఉన్నది ఆగిపోతుంది, రెండు వేస్తే కదులుతుంది. మూడో మనిషి మా లిఖిత. దివిటీ పట్టుకుని అందరికీ దారి చూపించే పిల్ల. పని బాగానే చేసేది కానీ పాచిక మాత్రం ముట్టేది కాదు. "నాకొద్దు, తాత ఏత్తాడు" అని పక్కకి జరిపేసేది.

ప్రతి వారం దారిలో ఏం ఎదురవ్వాలో ఆలోచించడం నా పని. నా పద్ధతి ఒకటే. ఆ వారం పిల్ల దేన్ని చూసి జడిసిందో గుర్తు పెట్టుకుని, శనివారం నాటికి దానికి మీసాలు పెట్టేదాన్ని. వీధికుక్క తరిమిందా, శనివారం మూడు తలల కుక్క వచ్చేది. కిటికీ పక్క సీటు ఏ తలదని మూడు తలలూ కొట్టుకునేవి. సూరిబాబు తాత "ఒక్క టికెట్టు మీద మూడు తలలా? దిగు, దిగు!" అని ఈల వేసేవాడు. ఇంజక్షను వేయించుకుంటే, దోమల రాజు వచ్చి తన సూది తనకే గుచ్చుకుందని ఏడ్చేవాడు. పిల్లలు బల్ల మీద పడి నవ్వేవాళ్ళు. లిఖిత కూడా నవ్వేది. పాచిక మాత్రం ముట్టేది కాదు.

చివరికి ధైర్యం చేసి నా సొంత భయాన్నే బయటికి తీశాను. కొండగుహలో అగ్గిపాము. పొడవు అరవై బారలు. ఊదితే మంట. ముగ్గురూ గుహ ముందుకొచ్చి నిలబడ్డారు. లోపల చీకటి. లిఖిత నా వైపు చూసింది, గుహ వైపు చూసింది. మెల్లగా చెయ్యి చాచి పాచికని గుప్పిట్లో పట్టుకుంది.

"ఇప్పుడు కాదమ్మా. వొచ్చే శనివారం నానే ఏస్తాను."

పాచిక ఇంటికి తెచ్చుకుంది. స్నానానికి కూడా గుప్పిట విప్పలేదు.

ఇంతలో బుధవారం నాడు, ఆట సంగతి చూడటానికి వస్తున్నామని మున్సిపల్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.

ఇందులో తప్పు ఎవరిదంటే గవరయ్య గారి నిజాయితీది. ఆయన నెల నెలా పైకి పంపే పట్టికలో "ఈ నెల పాఠకులకు ఎదురైన ఇబ్బందులు" అని ఒక గడి ఉంటుంది. పదకొండేళ్ళుగా ఆయన అందులో "లేవు" అని రాస్తూ వచ్చారు. పోయిన నెల "లేవు అనునది సమాచారముగా పరిగణింపబడదు" అని మెమో వచ్చింది. గడి ఖాళీగా వదిలితే ఆయనకి అన్నం దిగదు. అబద్ధం రాస్తే నిద్ర పట్టదు. అందుకని సోమవారం పంపిన పట్టికలో జరిగింది జరిగినట్టు రాశారు: "మూడు తలల కుక్క, ఒకటి. దోమల రాజు, ఒకరు. అగ్గిపాము, ఒకటి, గుహలో కలదు. పాఠకులు ధైర్యముగా ఎదుర్కొనుచున్నారు. ఆనందించుచున్నారు."

ఆ చివరి మాట చాలా దూరం వెళ్ళింది. మున్సిపాలిటీలో కొత్తగా ఆనందాభివృద్ధి విభాగం పెట్టారు. దానికి విశ్వేశ్వరం గారని ఒక ప్రత్యేకాధికారి ఉన్నారు. ఆర్నెల్లుగా ఆయన పట్టణంలో ఆనందం కోసం వెతుకుతున్నారు. దొరికింది ఇదొక్కటే. గురువారం ఉదయమే లైబ్రరీకి వచ్చేశారు.

"గుహ ఎక్కడున్నది?" అని అడిగారు కూర్చోకుండానే.

"ఊహలో ఉందండి" అన్నారు గవరయ్య గారు.

"ఊహ ఎక్కడ నిర్వహింపబడుచున్నది?"

"ఇక్కడేనండి. ఈ మూల బల్ల దగ్గర."

విశ్వేశ్వరం గారు బల్ల చుట్టూ ఒకసారి తిరిగారు. కిందికి వంగి చూశారు. నిటారుగా నిలబడి ప్రకటించారు. "ఏ ప్రదేశము ఎచ్చట ఊహింపబడునో, ఆ ప్రదేశము అచ్చటి స్థానిక సంస్థ పరిధిలోనికి వచ్చును. అనగా గుహ మున్సిపాలిటీ పరిధిలోనిదే. అనుమతి ఉన్నదా?"

లేదన్నాం.

"మున్సిపాలిటీ పరిధిలో అనుమతి లేని గుహా? అందులో అనుమతి లేని పామా? అనుమతి లేకుండా ఆనందమా?" ఆయన నా వైపు తిరిగారు. "భయపడకమ్మా. మేము దీనిని ఆపుట లేదు. ప్రోత్సహించుచున్నాము."

ఆ మాటతో నా కాళ్ళు చల్లబడ్డాయి.

ప్రోత్సాహం నాలుగు పేజీలుంది. ప్రతి భూతానికీ విడిగా నింపాలి. భూతం పేరు. భూతం తండ్రి పేరు. నివాసం సొంతమా, అద్దెదా. పళ్ళ సంఖ్య. పిల్లలకు కలిగించదలచిన భయం ఎంత శాతం, ఆనందం ఎంత శాతం. అగ్గిపాము తండ్రి పేరు దగ్గర నేను ఆగిపోతే గవరయ్య గారు "పెద్ద అగ్గిపాము అని రాసీ. ఖాళీ మట్టుకు వొదిలీకు" అన్నారు.

ఆ శనివారం పిల్లలు వచ్చేసరికి బల్ల మీద "గుహ తాత్కాలికముగా మూసివేయబడినది" అని బోర్డుంది. లిఖిత బోర్డుని కూడబలుక్కుని చదివింది.

"అమ్మా, పాము లేదా?"

"ఉందమ్మా. ఫైల్లో ఉంది."

"మరి నానెప్పుడు ఎయ్యాల?"

బోర్డు మీద తేదీ కోసం చూశాను, లేదు. పిల్ల గుప్పిట అలాగే ఉంది. ఎన్నాళ్ళు అలా ఉంటుంది? ధైర్యం తడిసిన బెల్లంలాంటిది, ఎక్కువ రోజులు దాచుకోలేం. నా భయమల్లా అదే.

ఫైలు శాఖ శాఖకీ తిరిగింది. ప్రతి శాఖా పాముని కొంచెం కొంచెం బాగు చేసింది. పాము మంట ఊదడం జనావాసాల్లో కుదరదని అగ్నిమాపకం వాళ్ళు అభ్యంతరం చెప్పారు. మంట తీసి వెచ్చటి గాలి పెట్టాం. పళ్ళు మొనలు లేకుండా గుండ్రంగా ఉండాలని ఆరోగ్యం వాళ్ళు అన్నారు. పాము టీకా కార్డు అడిగారు. అరవై బారల్లో చివరి ఎనిమిది బారలు గుహ వెనక నుంచి పక్క పంచాయతీలోకి పోతున్నాయని పట్టణ ప్రణాళిక వాళ్ళు కనిపెట్టారు. తోకకి ఆ పంచాయతీ తీర్మానమైనా కావాలి, లేకపోతే పాము చుట్టచుట్టుకుని పడుకోవాలి. చుట్టచుట్టాం. గుహలో చీకటిగా ఉండటం పౌర సౌకర్యాలకి విరుద్ధమని పన్నెండు ట్యూబులైట్లు మంజూరు చేశారు. ఊహలోనే లెండి.

ఆ తర్వాత పాచిక సంగతి వచ్చింది.

"ఇందులో ఒకటి నుండి పది వరకు గల అంకెలు దేనికి?" అన్నారు విశ్వేశ్వరం గారు.

"అవొస్తే చిక్కులో పడతారండి."

"పౌరులను చిక్కులో పడవేయు అంకెలను మున్సిపాలిటీ ఎట్లు సరఫరా చేయును?"

రెండు వారాల్లో కొత్త పాచికలు వచ్చాయి. ఇరవై ముఖాలూ ఉన్నాయి. అన్నిటి మీదా ఇరవయ్యే.

ఇక మిగిలింది క్షేత్ర పరిశీలన. ఎవరూ కళ్ళారా చూడని స్థలానికి అనుమతి ఇవ్వకూడదు. కాబట్టి గవరయ్య గారిని గుహలోకి వెళ్ళి చూసి రమ్మని ఆర్డరు వేశారు. ఆయన పాపం గొడుగు, టేపు, స్టాంపు ప్యాడు పట్టుకుని మూల బల్ల దగ్గర కూర్చుని కళ్ళు మూసుకున్నారు. నేను కథ నడిపాను. గుమాస్తా గుహలోకి దిగాడు. గోడలు కొలిచాడు. ట్యూబులైట్లు లెక్కపెట్టాడు. పాము ఎదురైతే "నమస్కారం, మీరు పెద్ద అగ్గిపాము గారి అబ్బాయే కదండీ" అన్నాడు. పాముకి చుట్టచుట్టుకుని నడుము పట్టేసిందని తెలిసి చాలాసేపు పరామర్శించాడు. కళ్ళు తెరిచేసరికి గవరయ్య గారి మొహం వెలిగిపోతోంది. పదకొండేళ్ళలో నేనెప్పుడూ ఆయన్ని అలా చూడలేదు.

"పైడితల్లీ, మంచి పామే సుమీ" అన్నారు.

నివేదిక తిరిగి వచ్చింది. తనిఖీ పూర్తయినట్టు స్థలాధికారి సంతకం లేదట. సంతకం లేకుండా తనిఖీదారు స్థలం విడిచి రాకూడదట. గుహకి స్థలాధికారి ఎవరయ్యా అంటే రికార్డు ప్రకారం పాము. పాముకి చేతులు లేవు. కాబట్టి గవరయ్య గారు ఆఫీసు వేళల్లో గుహలోనే ఉండాలని ఇంకో ఆర్డరు వచ్చింది. ఆయన "గుహ" అని అట్టముక్క మీద రాసి మూల బల్ల మీద నిలబెట్టి, హాజరు పట్టీ కూడా అక్కడికే తెప్పించుకున్నారు.

పాము సంతకం వచ్చేలోగా తాత్కాలిక అనుమతి ఇచ్చి, ఏడో శనివారం నాడు ప్రారంభోత్సవం పెట్టారు. మధ్యాహ్నం మూడు గంటలు. బల్లకి రిబ్బను కట్టారు, దాని వెనక గవరయ్య గారు ఆర్డరు ప్రకారం గుహలోనే కూర్చున్నారు. విశ్వేశ్వరం గారు నవ్వుల రిజిస్టరు పట్టుకుని మధ్యలో కూర్చున్నారు. ఎవరు ఎన్నిసార్లు నవ్వారో రాయడానికి. ప్రతి శనివారంలాగే రెండింటికి కరెంటు పోయింది. నాలుగు దాకా రాదు. మేమంతా అనుమతి పత్రాల నకళ్ళతో విసురుకుంటున్నాం.

ఆట మొదలైంది. షబానా పాచిక వేసింది. ఇరవై. తాత వేశాడు. ఇరవై. ఆమోదించిన ప్రకారం పాము తల ఎత్తి, వెచ్చటి గాలి వదిలి, "పెదకోరాడ గుహకు స్వాగతం. మీ సంతృప్తిని ఒకటి నుంచి అయిదు వరకు తెలుపగలరు" అంది. షబానా మళ్ళీ వేసింది. మళ్ళీ ఇరవై.

"ఎన్నిసార్లేసినా గెలుత్తన్నాం. కత్తెందుకు మరి నాకు?" అంది షబానా.

"కండక్టరు లేకుండా బస్సెల్లిపోయినట్టుంది" అన్నాడు తాత, ఈల జేబులో పెట్టేసుకుంటూ.

 లిఖితకి చెయ్యడానికి పనే లేదు. దివిటీ వల్ల అగ్నిప్రమాదం అని తీసేశారు, పన్నెండు ట్యూబులైట్లుండగా అవసరమూ లేదన్నారు. దాన్ని "పరిశీలకురాలు" అని రాశారు. కుర్చీ అంచున కూర్చుంది. ఒక చెయ్యి ఒళ్ళో ఉంది, గుప్పిట మూసే ఉంది.  ఏడు వారాలు భయంతో పోట్లాడి పోగుచేసుకున్న ధైర్యం. దాన్ని పెట్టడానికి చోటు లేకుండా చేసేశాం. ఈ పూట గుప్పిట విప్పకుండా ఇంటికి వెళ్తే ఇంకెప్పుడూ విప్పదు.

విశ్వేశ్వరం గారు రిజిస్టరు చూసుకున్నారు. గడియారం చూసుకున్నారు. "నవ్వు నమోదు కాలేదు. ఎవరైనను ఆరంభించవలసినదిగా కోరుచున్నాను."

ఎవరూ ఆరంభించలేదు. అప్పుడు లిఖిత లేచి నిలబడింది.

"సార్, గుహ మన ఊళ్ళోదే కదా?"

"నిస్సందేహముగా."

"శనివారం మజ్జానం మనూళ్ళో కరెంటుండదు కదా? మరి గుహలో ట్యూబులైట్లెలాగ ఎలుగుతన్నాయి?"

తాత తొడ చరిచాడు. "అడిగిందిరా గుంట!"

విశ్వేశ్వరం గారు నవ్వబోయి ఆగారు. సంచిలోంచి గుహకి తానిచ్చిన ఆర్డరు తీశారు. ఒక పేజీ తిప్పారు, రెండు తిప్పారు. మూడో పేజీ దగ్గర ఆయన వేలు ఆగింది. సొంత సంతకం కింద ఉన్న వాక్యాన్ని ఆయనే పైకి చదవాల్సొచ్చింది. "పట్టణమునకు వర్తించు సమస్త సౌకర్యములును, అసౌకర్యములును గుహకును వర్తించును."

 ఆయన నిజాయితీపరుడే. రుమాలుతో నుదురు తుడుచుకుని, "మధ్యాహ్నం రెండు నుండి నాలుగు వరకు గుహలో చీకటి" అని రూలింగు ఇచ్చారు.

"అయితే దివిటీ కావాల" అంది లిఖిత. గుప్పిట విప్పింది. పాత పాచిక చెమటకి మెరుస్తోంది.

"అది అనుమతి లేని పాచిక!" అంటూ విశ్వేశ్వరం గారు లేచారు. సూరిబాబు తాత జేబులోంచి ఈల తీసి ఒక్కటి వేశాడు. ఇన్నేళ్ళు బస్సుల్లో తిరిగిన అలవాటు, విశ్వేశ్వరం గారు ఉన్నచోటే ఆగిపోయారు. తాత రెండు ఈలలు వేశాడు.

"రైట్ రైట్! ఎయ్యమ్మా లిఖితా!"

వేసింది. పాచిక బల్ల మీద దొర్లి, రిబ్బను కింద దూరి, నా మోచేతి దగ్గర ఆగింది. నాకొక్కదానికే కనబడుతోంది.

రెండు.

వేలితో చిన్నగా తోస్తే చాలు, పదిహేడు పడుతుంది. ఎవరికీ తెలీదు. నా వేలు దాని దాకా వెళ్ళింది కూడా. అప్పుడు నా ఎదురుగా ఉన్న డబ్బా నిండా ఇరవైల పాచికలు కనబడ్డాయి. వేలు వెనక్కి తీసుకున్నాను.

"రెండమ్మా" అన్నాను.  "దివిటీ ఆరిపోయింది."

లిఖిత నోరు తెరిచింది. కళ్ళు పెద్దవయ్యాయి. ఏడుస్తుందనుకుని నేను సగం లేచాను.

"ఆరిపోనాది!" అని అరిచింది. "ఓలమ్మో, ఆరిపోనాది! షబానక్కా, నా సెయ్యట్టుకో! అమ్మా, ఇప్పుడేటవుద్ది? సెప్పమ్మా, ఏటవుద్ది?"

నవ్వుతోంది. ఓడిపోయి, చీకట్లో నిలబడి, కుర్చీ ఎక్కి గెంతుతోంది.

ఏమవుతుందో నాకు మాత్రం ఏం తెలుసు! నోటికొచ్చింది చెప్పేశాను. చీకటి పడగానే పాముకి పళ్ళు మొనదేలాయి. అరవై బారలూ సర్రుమని విప్పుకుంది. తోక పక్క పంచాయతీలో ఎవరి గడ్డిమేటునో కూలదోసింది. కానీ ఈ పాముకి చీకటంటే చచ్చేంత భయం! పుట్టినప్పట్నుంచీ తన మంట వెలుగులోనే బతికింది పాపం. ఎవరో ఒకరిని పట్టుకుందామని పాకుతోంది, పాకుతోంది, చల్లగా వచ్చి ఒక కాలికి చుట్టుకుంది. ఎవరి కాలికి?

"ప్రత్యేకాధికారి గారి కాలికి!" అన్నాడు తాత.

విశ్వేశ్వరం గారు కుర్చీ మీదికి ఎలా ఎక్కారో ఎవరూ చూడలేదు. "కాలు! నా కాలు! ఎవరక్కడ? దీపము! పౌరులారా, దీపము!" రిజిస్టరు కింద పడింది. షబానా బల్ల కింద దూరి పడీ పడీ నవ్వుతోంది. తాత ఆగకుండా ఈలలు వేస్తున్నాడు. ఆ గోలలో నవ్వుతున్నవాళ్ళలో విశ్వేశ్వరం గారూ ఉన్నారు. ఒక చేత్తో కాలు దులుపుకుంటూ, ఇంకో చేత్తో కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. "పరుగెత్తండి!" అని లిఖిత కేకేస్తే అందరం గుహలోంచి బయటపడ్డాం. ఆయనా మాతో పాటే పరుగెత్తారు.

సోమవారానికి ఆయన సర్దుకున్నారు. ఆనందం మంజూరైన పరిమితి దాటిందని నివేదిక రాశారు. అనుమతి లేని చీకటి, అనుమతి లేని ఓటమి దీనికి కారణాలట. కమిటీ వేశారు. మూల బల్ల దగ్గరికి పిల్లల్ని రానివ్వడం లేదు. నన్ను "ఊహ అంతగా అవసరపడని స్థానమునకు" అంటూ ఊరవతల పార్కు పంపుషెడ్డుకి మార్చారు. శనివారాలు పంపుషెడ్డు వెనకే ఆడుకుంటున్నాం. పాచిక లిఖితదే. ఓడిపోయినప్పుడల్లా ఇంకా గట్టిగా గెంతుతోంది.

మొన్న పొద్దున్న నేను అగ్గిపెట్టె తీస్తే అది వెనక్కి గెంతలేదు. నా కొంగు పట్టుకుని "గియ్యమ్మా, నానున్నాను" అంది. గీశాను. ఇద్దరం అక్కడే నిలబడ్డాం.

ఒక్కటే బెంగ మిగిలిపోయింది. ఆ రోజు అందరం గుహలోంచి పరుగెత్తాం కదా, గవరయ్య గారు పరుగెత్తలేదు. పాము సంతకం ఇంకా కాలేదు. ఆర్డరు లేకుండా ఆయన కదిలే మనిషి కాదు. "గుమాస్తా మావ సీకట్లో ఉండిపోనాడమ్మా" అని లిఖిత రోజూ అంటోంది. మమ్మల్ని లోపలికి రానివ్వరు. మీరు ఎవరైనా పెదకోరాడ మీదుగా వెళ్తే, ఒక్క అయిదు నిమిషాలు లైబ్రరీలోకి వెళ్ళి ఆయన బాగున్నారో లేదో చూడండి. మూల బల్ల మీద "గుహ" అని అట్టముక్క ఉంటుంది. రెండు దాటాక వెళ్తే చిన్న దీపం ఏదైనా పట్టుకెళ్ళండి. ఆయన ఎదురుగా ఇంకో కుర్చీ ఖాళీగా కనబడుతుంది. కాళ్ళు లాగుతున్నా సరే అందులో మాత్రం కూర్చోకండి. పాముకి అసలే నడుము నొప్పి.